నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలుగుతున్నాయా? ముందు వైరింగ్ జోలికి పోకండి: పాత బైక్‌లలో ఎల్‌ఈడీ అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఇండికేటర్లకు ఎల్‌ఈడీ బల్బులు వేయించాను. ఎడమ వైపు వేస్తే కుడి వైపువి కూడా వెలుగుతున్నాయి. వైరింగ్ షార్ట్ అయింది, కిట్ మొత్తం మార్చాలంటున్నారు."

పాత బైక్‌ల ఎలక్ట్రికల్ పని చేసే నాకు ఈ ఫోన్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. గొంతులో టెన్షన్ వినగానే తెలిసిపోతుంది, బండి వర్క్‌షాప్‌లో విప్పేసి ఉందని. వాళ్లను నేను తప్పుపట్టను. నాన్న నడిపిన బండో, ఏళ్ల తరబడి వెతికి కొన్న బండో అయి ఉంటుంది. నా కోపమంతా కారణం వెతక్కుండానే కట్టర్ చేతిలోకి తీసుకునేవాళ్ల మీద.

అపోహ: నాలుగూ బ్లింక్ అవుతున్నాయంటే వైరింగ్ షార్టే

కాదు. ఎల్‌ఈడీ వేసిన రోజు నుంచే ఈ తంతు మొదలైతే వైరింగ్‌ను అనుమానించాల్సిన పనే లేదు. నిన్నటిదాకా బాగున్న వైరు బల్బు మార్చగానే ఎందుకు పాడవుతుంది?

అసలు సంగతి స్పీడోమీటర్ దగ్గర ఉంది. చాలా పాత బైక్‌లలో రెండు వైపులకూ కలిపి ఒకటే పైలట్ బల్బు, అంటే ఇండికేటర్ పడిందని నడిపేవాళ్లకు చూపే చిన్న లైటు, ఉంటుంది. ఎటు ఇండికేటర్ వేసినా అదే వెలుగుతుంది. దాని రెండు వైర్లలో ఒకటి ఎడమ లైన్‌కి, ఇంకొకటి కుడి లైన్‌కి కలిపి ఉంటాయి. దానికి సొంత ఎర్త్, అంటే ఫ్రేమ్ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, లేదు. ఎడమ వేసినప్పుడు కరెంటు పైలట్ గుండా కుడి లైన్‌లోకి దిగి, కుడి వైపు బల్బుల ఫిలమెంట్ల మీదుగా ఎర్త్‌కి పోతుంది. కుడి వేస్తే అదే దారిలో వెనక్కి. అంటే అవతలి వైపు బల్బులే పైలట్‌కి ఎర్త్ వైరు.

మరి ఆ అవతలి బల్బులు వెలగవేం? 21 వాట్ల ఫిలమెంట్ చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ ఒక ఓమ్ కూడా ఉండదు. 12 వోల్టుల మీద 3 వాట్ల పైలట్‌ది, వెలుగుతున్నప్పుడు, 48 ఓమ్‌లు. వోల్టేజీ దాదాపు అంతా పైలట్ దగ్గరే ఖర్చవుతుంది. పెద్ద బల్బుకి కనీసం గోరువెచ్చన కూడా రాదు. ఒక్క వైరు మిగుల్చుకోవడానికి ఆ కాలపు ఇంజినీర్లు వేసిన ఎత్తు ఇది. నాకైతే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇప్పుడు ఆ 21 వాట్ల బల్బు తీసేసి రెండు వాట్ల ఎల్‌ఈడీ పెట్టారు. దానికి కావలసింది ఆంపియర్‌లో ఐదో ఆరో వంతు. ఆ మాత్రం కరెంటు పైలట్ గుండా సులువుగా వచ్చేస్తుంది. అవతలి వైపు కూడా వెలుగుతుంది. గమనించి చూడండి: అవతలి వైపు కాస్త మసకగా వెలుగుతుంది, పైలట్ కూడా ఎప్పటిలా వెలగదు. ఈ రెండూ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

పరీక్ష నిమిషం పని. మీటర్ దగ్గర పైలట్ బల్బు హోల్డర్‌లోంచి పీకేసి ఇండికేటర్ వేయండి. ఒక వైపే వెలిగితే మీ వైరింగ్‌కి ఏ రోగమూ లేదు.

వైద్యం రెండు డయోడ్‌లు, అంటే కరెంటుని ఒక దిక్కుకే పోనిచ్చే చిన్న పార్టులు. 1ఎన్4007 చాలు, ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే ఏ కొట్లోనైనా దొరుకుతుంది. పైలట్‌కి వచ్చే ఎడమ వైరుకి ఒకటి, కుడి వైరుకి ఒకటి వేయండి. డయోడ్ మీద వెండి గీత ఉన్న కొన రెండింట్లోనూ బల్బు వైపుకి ఉండాలి. ఆ రెండు కొనలు కలిపి బల్బు ఒక కాలికి, బల్బు రెండో కాలు ఎర్త్‌కి. సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, హెడ్‌లైట్ డూమ్‌లో పెట్టేస్తే బయటికి కనిపించదు. వైరు రంగులు చూసుకోండి: హోండాల్లో నారింజ ఎడమ, లేత నీలం కుడి. లూకాస్ కంపెనీ వైరింగ్ ఉన్న బ్రిటిష్ బండ్లలో ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఎడమ, తెల్ల గీత కుడి. మీ బండికి ఎడమకీ కుడికీ విడివిడిగా పైలట్‌లు ఉంటే ఈ బాధే లేదు.

ఒక పెద్దాయన బండి తోసుకుంటూ వచ్చారు. అప్పటికే ఎవరో హ్యాండిల్ స్విచ్ మార్చారు. తగ్గలేదు. వైరింగ్ కిట్ మార్చారు. అయినా తగ్గలేదు. పాత స్విచ్ మాత్రం న్యూస్‌పేపర్‌లో చుట్టి ఆయన దగ్గరే ఉంచుకున్నారు. నేను పైలట్ బల్బు పీకి ఇండికేటర్ వేశాను. ఎడమ వైపు రెండే వెలిగాయి. ఆయన వంగి అటు చూసి, ఇటు చూసి, "ఇంతేనా బాబూ?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. పాత స్విచ్ కాంటాక్టులు శుభ్రం చేసి మళ్లీ బిగించాను. కంపెనీ నుంచి వచ్చిన అసలు వైరింగ్ మాత్రం చెత్తలో పోయింది.

ఇందులోనే ఇంకో చిక్కు. కొందరు పైలట్‌ని కూడా ఎల్‌ఈడీ చేస్తారు. ఎల్‌ఈడీలో కరెంటు ఒక దిక్కుకే పారుతుంది. దాంతో ఒక వైపు వేస్తే ఆ వైపువే వెలుగుతాయి గానీ పైలట్ వెలగదు, రెండో వైపు వేస్తే నాలుగూ వెలుగుతాయి. అప్పుడు "కుడి స్విచ్ పోయింది" అనే కొత్త తీర్పు వస్తుంది. స్విచ్ పోలేదు. అవే రెండు డయోడ్‌లు, అదే ఎర్త్.

అపోహ: ఇండికేటర్లు గబగబా కొట్టుకుంటే ఎల్‌ఈడీ డూప్లికేట్, లేదా లోడ్ రెసిస్టర్ వేయాల్సిందే

బల్బు మంచిదే కావచ్చు. మారాల్సింది ఫ్లాషర్ రిలే, అంటే ఇండికేటర్లను వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే పార్టు. పాత థర్మల్ ఫ్లాషర్ లోపల కరెంటుకి వేడెక్కి వంగే రేకు ఉంటుంది. రెండు 21 వాట్ల బల్బులకు 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు పారితేనే అది సరైన వేగంతో పని చేస్తుంది. ఎల్‌ఈడీలకి ఆ రేకు వేడెక్కదు. దాని తయారీని బట్టి లైటు అలాగే నిలిచిపోతుంది, లేదా అసలు వెలగదు. లోడ్ చూసి పని చేసే ఎలక్ట్రానిక్ రిలే అయితే బల్బు మాడిపోయిందనుకుని వేగం పెంచేస్తుంది.

లోడ్ రెసిస్టర్ వేస్తే పాత బల్బు లాగినంత కరెంటు పారి పని జరుగుతుంది, కాదనను. కానీ 6 ఓమ్‌ల రెసిస్టర్ 12 వోల్టుల మీద 24 వాట్లు వేడిగా మార్చి పారేస్తుంది. ఇంజన్ తిరుగుతూ వోల్టేజీ పెరిగితే ఇంకా ఎక్కువ. డూమ్‌లో వైర్ల కట్టకి టేపుతో చుట్టిపెట్టిన రెసిస్టర్‌ని నేను విప్పాను. పక్కనున్న మూడు వైర్ల తొడుగు కరిగి ఒకటైపోయింది. ఇది మాత్రం నిజమైన షార్టే, బాగు చేద్దామని తెచ్చుకున్నది.

లోడ్‌తో సంబంధం లేని మూడు పిన్నుల ఎలక్ట్రానిక్ రిలే కొనండి. బీ అంటే బ్యాటరీ, ఎల్ అంటే లోడ్, ఈ అంటే ఎర్త్. కొన్నింటి మీద 49, 49ఏ, 31 అని ఉంటుంది, వరుసగా అవే. ఒక్క జాగ్రత్త: కొన్ని పాత రిలేలకూ మూడు పిన్నులుంటాయి గానీ మూడోది పీ, అంటే పైలట్. ఆ వైరు తీసి కొత్త రిలే ఎర్త్ పిన్నుకి గుచ్చితే పని చేయదు. ఎర్త్ విడిగా లాగాలి. పైలట్ వైరుకి వేరే దారి చూపాలి.

బిగించాక నిమిషానికి ఎన్నిసార్లు వెలుగుతుందో లెక్కపెట్టండి. చాలా దేశాల నిబంధనల్లో 60 నుంచి 120 మధ్య ఉండాలి.

ఇంకోసారి చెబుతున్నాను, ఎందుకంటే ఇక్కడే డబ్బు పోతుంది: రిలే మార్చితే వేగం సరవుతుంది, నాలుగూ వెలిగే జబ్బు తగ్గదు. ఒకదాని తర్వాత ఒకటి మూడు రిలేలు కొన్నవాళ్లు నాకు తెలుసు.

అపోహ: మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు వస్తోంది, కాబట్టి లైన్ బాగుంది

మల్టీమీటర్ తీసుకునే కరెంటు దాదాపు సున్నా. తుప్పు పట్టి ఒక్క పోగు మీద వేలాడే వైరు కూడా దానికి పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. ఒక 21 వాట్ల బల్బు పెట్టి చూడండి, నిజం బయటపడుతుంది. పాత బండ్లలో ఇండికేటర్ ఎర్త్ చాలావరకు దాని కాడ, మడ్‌గార్డ్ మీదుగానే పోతుంది. రీస్టోర్ చేసినప్పుడు పౌడర్ కోటింగ్ వేయిస్తే ఆ ఎర్త్ పెయింట్ కింద సమాధి అవుతుంది. బోల్టు కింద కాస్త గీకండి, లేదా చిన్న ఎర్త్ వైరు విడిగా లాగండి.

మిగతావి గబగబా

ఎల్‌ఈడీ ఇండికేటర్లతో బ్యాటరీ ఆదా అవుతుందా? మలుపు దగ్గర కొన్ని సెకన్లు వెలిగే లైటుతో ఆదా ఎంత? అసలు లాభం వేరే ఉంది. సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో వోల్టేజీ పడిపోయి పాత బల్బులు నీరసించే బండ్లలో, ఎలక్ట్రానిక్ రిలేతో ఎల్‌ఈడీలు వేగం తగ్గకుండా బ్లింక్ అవుతాయి.

నారింజ గ్లాసు వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే రంగు పాలిపోయినట్టు వస్తుంది. నారింజ ఎల్‌ఈడీయే పెట్టండి. 6 వోల్టుల బండికి 6 వోల్టుల బల్బే కొనండి, 12ది పెట్టి వెలగడం లేదని తిట్టుకోకండి. పట్టపగలు ఎండలో పది అడుగుల వెనక నిలబడి కనిపిస్తోందో లేదో చూడండి. పాత రిఫ్లెక్టర్ ఫిలమెంట్ కోసం చేసింది, అన్ని ఎల్‌ఈడీలూ అందులో సరిగ్గా కుదరవు.

చివరిది పాజిటివ్ ఎర్త్. 1970ల దాకా చాలా బ్రిటిష్ బైక్‌లలో బ్యాటరీ ప్లస్ టెర్మినలే ఫ్రేమ్‌కి కలిపి ఉంటుంది. మామూలు బల్బుకి ఎటైనా ఒకటే. ఎల్‌ఈడీకి కాదు, ఎలక్ట్రానిక్ రిలేకి అసలే కాదు. అలాంటి బండికి ఎటు పెట్టినా వెలిగే ఎల్‌ఈడీ బల్బులు, పాజిటివ్ ఎర్త్‌కి సరిపడే రిలే కావాలి. పైలట్ డయోడ్‌ల గీత కూడా తిరగబడుతుంది: బల్బు వైపు కాదు, ఎడమ కుడి వైర్ల వైపు. ఇంత తెలిసీ ఒకసారి నేనే కొత్త రిలే కాల్చాను. ఓనర్ పక్కనే నిలబడి ఉన్నాడు. సీటు కింద బ్యాటరీ మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో పెద్ద ప్లస్ గుర్తు, ఫ్రేమ్ వైపుకి ఒక బాణం, దాని పక్కన "ఎర్త్" అన్న మాట, అన్నీ ఆయన ముందే రాసి పెట్టుకున్నవి. వాసన వచ్చాక గానీ నేను అటు చూడలేదు.