పాత మనిషి చచ్చిపోతే మరి తిట్టింది ఎవడన్నా?

మా సంఘంలో బాప్తిస్మాలు జరిగిన రెండు మూడు వారాలకు నా ఫోన్ మోగడం మొదలవుతుంది. ఎక్కువగా రాత్రి పదిన్నర దాటాకే. సికింద్రాబాద్ వైపు ఒక చిన్న సంఘంలో కొత్త విశ్వాసులకు పాఠాలు చెప్పే పని నాది. పద్నాలుగేళ్లుగా ఇదే. ఫోన్‌లో గొంతు మారుతుంది గానీ ప్రశ్న మారదు.

మొన్న చేసింది ఒక క్యాబ్ డ్రైవర్ తమ్ముడు. నీళ్లలోంచి లేచి పందొమ్మిది రోజులైంది. ఉప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో ఎవరో బైక్ మీద వచ్చి సైడ్ అద్దం విరగ్గొట్టి ఆగకుండా పోయాడట. మనవాడు కిటికీ దించి నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. వెనక సీట్లో ప్యాసింజర్ ఉన్నాడు, ముందు అద్దానికి సిలువ వేలాడుతోంది.

"అన్నా, తొట్టిల మునిగినప్పుడే పాత మనిషి చచ్చిపోయిండని అయ్యగారు చెప్పిండు గదా. మరి తిట్టింది ఎవడన్నా?"

(పాత మనిషి అంటే నమ్మకముందు పాపంలో బతికిన మనమే.) నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఎందుకంటే అతను అప్పటికే రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. యూత్ వాట్సాప్ గ్రూపులోంచి కూడా వెళ్లిపోయాడు. తన రక్షణ ఉత్తదేనని తన మీద తానే తీర్పు రాసేసుకున్నాడు.

అపోహ: నిజంగా మారుమనస్సు పొందినవాడు మళ్లీ పాత పాపంలో పడడు. పడ్డాడంటే అతని రక్షణ అబద్ధం.

నేను చూసినంతలో మా సంఘంలో కుర్చీలు ఖాళీ చేసింది ఈ ఒక్క మాటే. దీన్ని నమ్మినవాళ్లలో కొందరు చెప్పకుండా రావడం మానేస్తారు. కొందరు వస్తూనే ఉంటారు, కానీ లోపల కుళ్లిపోతూ "బాగున్నాను బ్రదర్, దేవుని కృప" అంటారు. ఇంకొందరు మళ్లీ బాప్తిస్మం తీసుకుంటారు. ఒక అక్క మూడు సంఘాల్లో మూడుసార్లు మునిగింది. నాలుగోసారికి మా దగ్గరికి వచ్చింది. మేం బాప్తిస్మం ఇవ్వలేదు, టీ ఇచ్చి కూర్చోబెట్టాం. మూడు గంటలు మాట్లాడింది. పాపం, ఆవిడ బాధల్లా ఒక్కటే: అత్తగారి మీద కోపం నీళ్లలో పోవడం లేదు.

వాస్తవం ఏమిటంటే, మనం రెండు వేరువేరు పనుల్ని ఒకటిగా కలిపేస్తున్నాం. నీతిమంతులుగా తీర్చబడడం వేరు, పరిశుద్ధపరచబడడం వేరు. మొదటిది నువ్వు నిర్దోషివని దేవుడు ఇచ్చే తీర్పు, అది క్రీస్తును నమ్మినప్పుడే అయిపోతుంది. రెండోది కొద్దికొద్దిగా మారడం, అది బతికినన్నాళ్లూ సాగుతుంది. క్లాసులో నేను ప్లాట్ రిజిస్ట్రేషన్ సంగతి చెబుతాను. ఘట్‌కేసర్ దగ్గర ప్లాటు కొన్నారు, ఒక్క పూటలో రిజిస్ట్రేషన్ అయింది, స్థలం మీదే. సాయంత్రం వెళ్లి చూసి, "గోడలు లేవు, పైకప్పు లేదు, కాగితాలు నకిలీవేమో" అని ఏడుస్తారా? ఇల్లు కట్టాలి. పునాది తవ్వుతుంటే రాళ్లు తగులుతాయి కూడా.

ఇక్కడ చాలామంది బోధకులు రోమా 7వ అధ్యాయం తెరుస్తారు. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నాను అని అపొస్తలుడు పౌలు వాపోయే చోటు. నేను దానితో మొదలుపెట్టను. ఆ మాటలు రక్షణకు ముందు స్థితి గురించా, తర్వాతి స్థితి గురించా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. రాత్రి పదకొండింటికి ఏడుస్తున్న మనిషికి ఆ వాదనతో పనేముంది? ఫిలిప్పీ 3:12 చూపిస్తాను. అప్పటికి పౌలు దమస్కు దారిలో ప్రభువును కలిసి ఏళ్లు గడిచాయి, సంఘాలు స్థాపించాడు, సంకెళ్లలో ఉండి రాస్తున్నాడు. అయినా నేనింకా సంపూర్ణుణ్ణి కాలేదు, పరుగెత్తుతూనే ఉన్నాను అంటాడు. పందొమ్మిది రోజుల తమ్ముడు గమ్యం చేరలేదని కంగారు పడుతున్నాడు!

ఆ తర్వాత యేసు శిష్యుడు పేతురు. కోడి కూయకముందు యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకిన సంగతి అందరికీ తెలుసు. కానీ అది పెంతెకొస్తుకు, అంటే శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ వచ్చిన రోజుకు, ముందు కదా, ఆత్మ వచ్చాక మారిపోయాడు కదా అంటారు. అయితే గలతీ 2:11 నుంచి చదవండి. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో కలిసి భోంచేస్తున్న పేతురు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర్నుంచి కొందరు యూదులు రాగానే భయపడి పక్కకు జరిగాడు. అదే పాత జబ్బు, మనుషుల భయం. పౌలు అందరి ముందే నిలదీశాడు. అంతేగానీ మళ్లీ బాప్తిస్మం తీసుకోమనలేదు, నీ రక్షణ అబద్ధం అనలేదు. తప్పును తప్పన్నాడు. (నాకు ఈ భాగం చాలా ఇష్టం. ఇద్దరు అపొస్తలులు గొడవపడిన సంగతి దాచకుండా రాసిన పుస్తకం ఇది.)

రక్షణ పోతుందా పోదా అన్న చర్చ సంఘాల మధ్య ఎప్పటినుంచో ఉంది, దానిలోకి నేను దిగడం లేదు. కానీ ఉప్పల్ ట్రాఫిక్‌లో ఒకసారి తిడితే పోతుందని నాకు తెలిసి ఏ వైపువాళ్లూ బోధించరు. 1 యోహాను 1:9 పాపాలు ఒప్పుకొమ్మని చెబుతున్నది విశ్వాసులకే. ఆ ఉత్తరం అందుకున్నవాళ్లు నమ్మినవాళ్లు.

నేను ఆ తమ్ముణ్ణి అడిగాను: "ఆర్నెల్ల కింద ఇట్లనే తిట్టి ఉంటే ఏం చేసేవాడివి?" "తిని పండుకునేటోణ్ని" అన్నాడు. ఇప్పుడు నిద్ర పట్టక ఫోన్ చేశాడు. మార్పంటే ఇదే మరి. శరీరానికీ ఆత్మకూ పోరాటమని గలతీ 5:17 చెప్పేది నమ్మినవాడి గురించే. లోపల ఆత్మ జీవం లేనివాడికి పోరాటం ఎక్కడిది?

నా సంగతి చెప్పాలి. నమ్ముకున్న కొత్తలో నాకు కూరలో ఉప్పు తక్కువైతే కంచం నెట్టేసే అలవాటుండేది. ఉపవాసం ఉన్న రోజు సాయంత్రమే ఒకసారి కంచం గోడకు తగిలింది. ఆ మరక చాలా రోజులు ఉంది, రోజూ నన్నే చూసేది. నేను దేవుడి దగ్గర ఏడ్చేవాణ్ని, మళ్లీ నెట్టేవాణ్ని. మా అమ్మ ఇంకా ప్రభువును నమ్ముకోలేదు. నాలుగేళ్లయ్యాక ఒకరోజు అన్నం పెడుతూ, "ఈమధ్య కంచం నెట్టడం లేదేంరా, ఒంట్లో బాగుందా?" అంది. నేను గమనించనేలేదు. మార్కు 4లో విత్తనం వేసినవాడికి కూడా అంతే, నిద్రపోతూ లేస్తూ ఉంటాడు, మొలక ఎలా వచ్చిందో తెలియదు.

ఇదంతా విని తెలివిగా ఒకటి అనేవాళ్లున్నారు: "అయితే పడినా పర్లేదన్నమాట." లేదు. రోమా 6 మొదలయ్యేదే ఆ ప్రశ్నతో. తాగొచ్చి భార్యను కొట్టి, పొద్దున "శరీరం బలహీనం బ్రదర్" అనేవాడికి నేను టీ ఇవ్వను. ముందు ఆ అమ్మాయి, పిల్లలు క్షేమంగా ఉండే చోటు చూస్తాం. తర్వాత అతణ్ణి తాగుడు మాన్పించే డాక్టర్ దగ్గరికి పంపుతాం. పడి ఏడ్చేవాడూ, పడిన చోటే పక్క వేసుకునేవాడూ ఒకటి కాదు.

పడినవాళ్లకు నేను చెప్పేది పెద్దగా ఏమీ ఉండదు. ఆ రోజే ఒప్పుకోండి, ఆదివారం దాకా ఆగొద్దు. ఎవరిని బాధపెట్టారో వాళ్ల దగ్గరికి వెళ్లండి. నోరు జారని ఒక్క మనిషికి చెప్పుకోండి, యాకోబు 5:16 అందుకే ఉంది. మార్కు సువార్త రోజుకో అధ్యాయం చదవండి, పదహారు రోజుల్లో అయిపోతుంది. ఆ పదహారు రోజుల్లో శిష్యులు ఎన్నిసార్లు తప్పటడుగు వేశారో మీరే లెక్కపెట్టుకోండి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

ఆత్మ ప్రేరణతో తెలియని భాషలు మాట్లాడితే, ప్రవచిస్తే ఎదిగినట్టే అనుకుంటారు. కొరింథు సంఘంలో ఇలాంటి ఏ కృపావరానికీ (దేవుడిచ్చే వరానికీ) కొదువలేదని 1 కొరింథీ మొదటి అధ్యాయంలో రాసిన పౌలే, మూడో అధ్యాయంలో వాళ్లను పసిబిడ్డలన్నాడు. కారణం అసూయ, కలహం.

రోజుకు నాలుగు యూట్యూబ్ ప్రసంగాలు వింటే ఎదుగుతాం అనేది ఇంకోటి. వినండి, తప్పులేదు. కానీ మీకు జ్వరమొస్తే ఆ యూట్యూబ్ పాస్టర్ గారు గంజి తీసుకుని రారు. మీ పిసినారితనం ఆయనకు తెలియదు, మీ పక్క కుర్చీ ఆంటీకి తెలుసు. ఎఫెసీ 4లో ఎదుగుదల అంతా సంఘమనే శరీరం కీళ్లతో అతుక్కుని ఉండడం గురించే.

ముప్పై ఏళ్ల విశ్వాసి అంటే పరిపక్వత వచ్చినట్టేనట. సంఘ కమిటీ ఎన్నికలు ఒకసారి దగ్గర్నుంచి చూడండి, చాలు. ఈపాటికి బోధకులు కావలసిన మీకు ఇంకా పాలే కావాల్సి వస్తోంది అనే హెబ్రీ 5:12 అలాంటివాళ్లకే రాసింది.

జబ్బు, డిప్రెషన్ అంటే విశ్వాసం తక్కువని చెప్పేవాళ్ల మీద మాత్రం నాకు ఓపిక లేదు. పౌలు తన తోటి పనివాడు త్రోఫిమును మిలేతులో జబ్బుగా ఉండగానే వదిలి వచ్చాడు. తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు సలహా రాశాడు. ఏలీయా ప్రవక్త చావు కోరుకుంటే దేవుడు తిట్టలేదు, నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు పెట్టించాడు, అదీ రెండుసార్లు. మాకు తెలిసిన ఒక పెద్దాయన ఎవరో చెప్పారని షుగర్ మాత్రలు ఆపేసి, కాలి వేలు పోగొట్టుకున్నాడు. మాత్రలు ఆపమని ఎవరు చెప్పినా, ఎంత అభిషేకం ఉన్నవారైనా, వినకండి. మనసు డాక్టర్ అనగానే "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికా?" అని వణకడమూ మానండి.

డ్రైవర్ తమ్ముడు పోయిన ఆదివారం వచ్చాడు. వెనక వరుసలో, తలుపు దగ్గర కూర్చున్నాడు. గ్రూపులో మళ్లీ చేర్చాం. మంగళవారం రాత్రి పదకొండుంబావుకు ఫోన్.

"అన్నా, ఇయ్యాల హబ్సిగూడ సిగ్నల్ కాడ ఒకడు అడ్డమొచ్చిండు. నోరు తెరవలే. కానీ లోపల మస్తు తిట్టుకున్న. అది లెక్కకొస్తదా?"

వస్తుందన్నాను. "అబ్బా" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ తర్వాత, ఫోన్ పెట్టకముందే, ఆ అడ్డమొచ్చినవాడి కోసం ప్రార్థన చేశాం. పేరు తెలియదు కాబట్టి బండి నంబరు చెప్పాడు.