హారం అంటే మెడలో వేసుకునేదేనా?

చిట్టీ, బుజ్జీ,

నిన్న ఫోన్లో చిట్టి అడిగినదానికి నవ్వేశాను గానీ, అది మంచి ప్రశ్నే. "అమ్మమ్మా, హారం మెడలో కదా ఉండాలి, లెక్కల పుస్తకంలో గీత కింద ఎందుకుంది?" అన్నావు. ఫోన్లో చెబుదామంటే తాతయ్య మధ్యలో దూరిపోతారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు భిన్నం సంగతి చూద్దాం. గుళ్లో విగ్రహం చెయ్యి విరిగితే "విగ్రహం భిన్నమైంది" అంటారు. భిన్నం అంటే విరిగినది, ముక్కలైనది. ఒక అట్టుని నాలుగు సమాన ముక్కలు చేశాను, బుజ్జి మూడు తినేశాడు అనుకోండి. వాడు తిన్నది 3/4. మొత్తం ఎన్ని ముక్కలు చేశామో కింద ఉన్న 4 చెబుతుంది, అదే హారం. భాగహారంలో ఉన్న హారం కూడా ఇదే. మెడలోది వేరు. పైన ఉన్న 3 లవం. లవం అంటే చిన్న ముక్క. "వీళ్లకి లవలేశమైనా భయం లేదు" అని మీ అమ్మ అంటుంది చూడండి, ఆ లవమే ఇది. ముక్కలన్నీ సమానంగా ఉంటేనే లెక్క. బుజ్జికి పెద్ద ముక్క వేస్తే అది గారాబం.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. సగానికి మడవండి, అర. మళ్లీ మడవండి, పావు. ఇంకోసారి మడిస్తే పరక, నాలుగోసారికి వీసం. విప్పి గళ్లు లెక్కపెట్టండి, 16 ఉంటాయి. ముప్పావు అంటే మూడు పావులు, మాటలోనే ఉంది. 1957కి ముందు రూపాయికి 16 అణాలు, అంటే ఒక్కో అణా రూపాయిలో వీసం. అందులో పావు భాగం, నాలుగణాలు, పావలా. తర్వాత రూపాయికి 100 పైసలయినా 25 పైసల్ని పావలా అనే పిలిచాం. ఏ లోటూ లేని తెలుగుపిల్లని "పదహారణాల తెలుగమ్మాయి" అనేది కూడా ఈ లెక్కతోనే.

కూడిక, తీసివేత మీకు వచ్చినవే. గుణకారాన్ని మేము హెచ్చవేత అనేవాళ్లం, హెచ్చించడం అంటే పెంచడం కదా. గుండ్రటి వృత్తానికి మధ్యలోంచి ఈ చివర నుంచి ఆ చివరకి గీసే గీత వ్యాసం. తెలుగు పీరియడ్లో వ్యాసం రాస్తారు, లెక్కల పీరియడ్లో గీస్తారు! అందులో అర్ధం, అంటే సగం, వ్యాసార్ధం. ఇక కనిష్ఠ సామాన్య గుణిజానికి క.సా.గు., గరిష్ఠ సామాన్య భాజకానికి గ.సా.భా. అనే పొట్టి పేర్లు పెట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. అవి చూస్తేనే మాకు టెన్షన్ వచ్చేది. వాటి గురించి మీరు వచ్చాక కూర్చుని చెబుతాను.

భాగహారం మిగిలింది. సంక్రాంతికి డబ్బాలో మీకోసం 23 అరిసెలు దాచాను. మీరిద్దరు, అమ్మ, నాన్న, మామయ్య, తాతయ్య, నేను, మొత్తం ఏడుగురం. 23 విభాజ్యం, 7 విభాజకం. తలా మూడు వస్తాయి, ఆ మూడు భాగఫలం. రెండు మిగులుతాయి, అది శేషం. తాతయ్య ఇప్పటినుంచే ఆ శేషం మీద కన్నేశారు. తొందరగా బయల్దేరండి.

మీ అమ్మమ్మ