గోడకు కన్నం పెట్టాకే ఆడ ఎలుక ఇష్టం లెక్కలోకి వచ్చింది

టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకిన మగ ఎలుకలంటే ఆడ ఎలుకలకు మోజు ఎక్కువన్న పాత ఫలితం మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. సగం మంది దాన్ని తలకిందులు చేసి పంపుతున్నారు, పరాన్నజీవి ఆడ ఎలుకను వశం చేసుకుంటుందని. 2011లో సింగపూర్‌లో అజయ్ వ్యాస్ బృందం చేసిన ఆ ప్రయోగంలో పరాన్నజీవి ఉన్నది మగవాటి ఒంట్లో. ఎంచుకున్న ఆడవి శుభ్రంగానే ఉన్నాయి. ఫార్వర్డుల సంగతి అలా ఉంచితే, ఈ కథ లేచినప్పుడల్లా ప్రయోగాల జంతువులను ఉంచే బెంగళూరు యానిమల్ హౌసుల్లో, ఆడదాని ఎంపికను ఎలా కొలవాలన్న ఒక పాత పేచీ కూడా లేస్తుంది. హోసూరు రోడ్డు నుంచి బళ్లారి రోడ్డు దాకా ఎలుకల మీద పనిచేసే ల్యాబులున్న ఊరు ఇది. వాటిల్లో మన తెలుగు పీహెచ్‌డీ విద్యార్థులకు కొదవ లేదు కాబట్టి పేచీ తెలుగులోనూ గట్టిగానే సాగుతుంది.

మగ ఎలుకను జాలీ వెనక పెట్టి, ఆడది ఆ పక్కన ఎన్ని నిమిషాలు గడిపిందో చూస్తే చాలదా అన్నది ఒక వైపు. పది నిమిషాల్లో తేలిపోతుంది, ఎథిక్స్ కమిటీ ముందు జంతువుల సంఖ్య తక్కువ చూపించవచ్చు. ఆడది వెళ్లి, జతకట్టి, బయటికొచ్చి, మళ్లీ వెళ్లే వీలుంటేనే దాన్ని ఎంపిక అనాలి, లేకపోతే అది వాసన చూడటం వరకే అన్నది రెండో వైపు.

తెల్ల ఎలుక ల్యాబులోకి ఎలా వచ్చిందో, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ అనే ఆడ హార్మోన్లు ఏం చేస్తాయో పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. అక్కణ్నుంచి మనకు కావలసింది ఒక్క సంగతి. అప్పట్లో ప్రయోగం జరిగేది చిన్న పంజరంలో. ముందు మగదాన్ని వదిలి కాసేపు అలవాటు పడనిచ్చి, తర్వాత ఎదకొచ్చిన ఆడదాన్ని అందులో పడేసేవాళ్లు. ఎన్నిసార్లు ఎక్కింది, ఎన్ని ఇంట్రోమిషన్లు (అంగప్రవేశాలు) అయ్యాయి, స్ఖలనానికి ఎంతసేపు పట్టింది, ఇలా రాసుకున్నవన్నీ మగదాని లెక్కలే. ఆడదానికి మిగిలింది లార్డోసిస్ కోషెంట్. అంటే మగది పది సార్లు ఎక్కితే ఆడది ఎన్నిసార్లు నడుము వంచి, తోక పక్కకు తిప్పి నిలబడిందో ఆ నిష్పత్తి. పక్కకు తప్పుకునే చోటే లేని పంజరంలో తీసిన అంకె అది.

1961లో గోర్డన్ బెర్మంట్ అనే పరిశోధకుడు ఆడ ఎలుక ముందు ఒక మీట పెట్టాడు. నొక్కితే మగది లోపలికి వస్తుంది. ఒక్కసారి తాకిడి అయ్యాక మగదాన్ని తీసేస్తారు. మళ్లీ కావాలంటే మళ్లీ నొక్కాలి. మగది ఊరికే ఎక్కి దిగితే ఆడది త్వరగా నొక్కింది, ఇంట్రోమిషన్ అయితే కాస్త ఆగి నొక్కింది, స్ఖలనం తర్వాత చాలాసేపు ఆగింది. జరిగిన పని ఏమిటో గుర్తించి, దాన్నిబట్టి విరామం తీసుకుంటోందన్నమాట. దీన్ని చాలా ఏళ్లు వింత ఫలితంగానే చూశారు. ఆ విరామం దేనికో ఎవరికీ పట్టలేదు.

దానికి జవాబు 1970లో వచ్చింది. స్ఖలనం అయిన వెంటనే ఇంకో మగది ఎక్కితే గర్భం నిలిచే అవకాశం పడిపోతుందని నార్మన్ ఆడ్లర్, స్టీఫెన్ జోలోత్ చూపించారు. శుక్రకణాలు గర్భసంచిలోకి చేరడానికి కొన్ని నిమిషాలు కావాలి. ఆలోపు మళ్లీ కదిలిస్తే వీర్యం యోనిలో గట్టిపడి ఏర్పడిన ప్లగ్గు ఊడుతుంది, ప్రయాణం ఆగుతుంది. ఆడది తీసుకునే విరామం సరిగ్గా ఆ నిమిషాలకే కాపలా. ఎలుకలో అండం దానంతటదే విడుదలవుతుంది, కానీ గర్భాన్ని నిలిపే ప్రొజెస్టరాన్‌ను అండాశయంలో తయారుచేసే కార్పస్ లూటియం నిలబడాలంటే రోజుకు రెండుసార్లు ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఉప్పెన రావాలి. ఆ ఉప్పెనను మొదలుపెట్టేది జతకట్టేటప్పుడు గర్భాశయ ముఖానికి అందే తాకిడి. కాబట్టి ఎన్ని తాకిళ్లు, ఎంత ఎడంతో అన్నది ఆడ ఎలుకకు గర్భం నిలవడమా పోవడమా అన్నంత పెద్ద విషయం. మేరీ అర్‌స్కిన్ 1980లలో ఇంకో మెట్టు ఎక్కింది. తాకిడికీ తాకిడికీ మధ్య ఎంత ఎడం అన్నది ఆడదాని చేతిలో ఉన్నప్పుడు తక్కువ ఇంట్రోమిషన్లకే ఆ హార్మోన్ స్థితి వచ్చేస్తోందని తేల్చింది.

అసలు మలుపు మాత్రం 1978దే. పరిశోధకురాలు మార్థా మెక్‌క్లింటాక్ పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది, కలిసి ఉండే ఆడవాళ్లకు నెలసరి ఒకే సమయానికి వస్తుందని 1971లో ఆమె రాసిన వాదన. తర్వాతి పరిశీలనల్లో అది గట్టి దెబ్బలే తిన్నది. ఆడ్లర్‌తో కలిసి ఆమె చేసిన ఎలుకల పని అంతకన్నా గట్టిది, పేరు మాత్రం తక్కువ. అడవి ఎలుకలనూ ల్యాబు ఎలుకలనూ విశాలమైన చోట వదిలి చూశారు. ఎదకొచ్చిన ఆడది మగదాని దగ్గరికి నేరుగా, ముక్కు తగిలేంత దగ్గరికి వస్తుంది. చటుక్కున వెనుదిరిగి, గెంతుతూ దూసుకెళ్లి, టక్కున ఆగుతుంది. ఆగినచోట తల సన్నగా వణకడంతో చెవులు అల్లల్లాడతాయి. మగది వెనకాల వస్తే సరి, రాకపోతే మళ్లీ వచ్చి పిలుస్తుంది. విశాలమైన చోట జతకట్టడం ఎక్కువ భాగం ఈ పిలుపుతోనే మొదలైంది. చిన్న పంజరంలో గెంతడానికి జాగా లేదు కాబట్టి అదే ఆడది నిలబడిపోతుంది, మగదే అంతా నడిపిస్తున్నట్టు కనిపిస్తుంది. అప్పటిదాకా మగదాని స్వభావం అనుకున్నదాంట్లో చాలా భాగం పంజరం కొలతలదని ఇక్కడ తేలింది.

గుంపులో చూసినప్పుడు ఇంకొకటి బయటపడింది. ఆడవి ఒకదాని తర్వాత ఒకటి వంతులు తీసుకుంటాయి, మధ్యలో మగవాటిని మారుస్తాయి. జాలీ పక్షం వాళ్లు ఎత్తిచూపేది దీన్నే. ఇన్ని మగవాటితో తిరిగే జంతువుకు ఎంపిక ఎక్కడిదని వాళ్ల ప్రశ్న. నార్వేలోని ట్రోమ్సోలో ఆండెర్స్ ఓగ్మో బృందం బొరియలూ, బయలూ ఉన్న పెద్ద ఆవరణలో చేసిన పరిశీలనలు ఈ సందేహానికి బలమిచ్చాయి. మగవాటి 50 కిలోహెర్ట్జ్ కూతలకు (మన చెవికి అందనివి) ఆడవాటిని రప్పించే శక్తి అనుకున్నంత లేదని చూపింది కూడా ఆ బృందమే. వాదనలో బలముంది. కానీ భాగస్వాములు మారడం వేరు, ఎవరి దగ్గర ఎంతసేపు ఆగి, ఎవరి దగ్గరికి ఎంత త్వరగా తిరిగొచ్చిందన్నది వేరు. రెండోది కొలవాలంటే ఆడదానికి తనదంటూ ఒక గది ఉండాలి.

ఆ గది తయారీ కష్టమేం కాదు. యాక్రిలిక్ పెట్టె, మధ్యలో అడ్డుగోడ, గోడ అడుగున 4 సెంటీమీటర్ల కన్నాలు మూడో నాలుగో. 200–250 గ్రాముల ఆడది దూరిపోతుంది, 400 గ్రాములు దాటిన మగది తల పెట్టి ఆగిపోతుంది. రెండు మగవాటి మధ్య ఎంపికైతే మూడు గదులు, నడిమిది ఆడదానిది. మెక్సికోలో రౌల్ పారెడెస్, అలోన్సో 1997లో ఇలాంటి పెట్టెతోనే, తన ఇష్టప్రకారం వెళ్లి వచ్చిన ఆడవి ఆ తర్వాత జతతో ముడిపెట్టిన గదిని కోరుకున్నాయనీ, వీలు లేనివి కోరుకోలేదనీ చూపించారు. జరిగిన పని అదే, మగది అదే, తేడా కన్నం ఒక్కటే. 2005లో మాంట్రియల్‌లో జెనారో కోరియా-ఆవిలా, జిమ్ ఫాస్ మగవాటికి బాదం వాసన పూశారు. ఆ వాసన ఉన్న మగదానితో, ఎంత ఎడం అన్నది తన చేతిలో ఉండగా జతకట్టిన ఆడది, తర్వాత రెండు మగవి ఎదురైతే బాదం వాసన ఉన్నదాన్నే ఎక్కువగా పిలిచింది. పుట్టుకతో ఏ అర్థమూ లేని వాసనకు అనుభవం అర్థం అంటించిందన్నమాట.

వాసన వైపు నుంచి వచ్చిన ఫలితాలను ఇక్కడ పెట్టి చదవాలి. రోగనిరోధక జన్యువుల తేడాను ఎలుకలు మూత్రం వాసనలో పసిగట్టగలవని 1987లో సింగ్, బ్రౌన్, రోజర్ తేల్చారు. పసిగట్టడం, ఎంచుకోవడం ఒకటి కాదు. బద్దెపురుగు లేని మగవాటి వాసన వైపు ఆడవి మొగ్గాయని 2000లో వచ్చింది. 2007లో డేవిడ్ క్రూస్, ఆండ్రియా గోర్ చేసింది ఇంకా పెద్ద మాట: వింక్లోజొలిన్ అనే శిలీంధ్రనాశిని తాకిన తల్లి నుంచి మూడు తరాల తర్వాత పుట్టిన మగవాటిని ఆడవి పక్కన పెట్టాయి. మగవి మాత్రం ఆడవాటిలో ఆ తేడా పట్టించుకోలేదు. ఆ పరీక్ష జరిగింది జాలీ అడ్డంగానే. ఇంతమంది ఎత్తి చూపే ఫలితం ఇంకా జత దాకా వెళ్లని ఆసక్తిని కొలిచింది. 2011 టాక్సోప్లాస్మా పని మాత్రం, మగదాని పక్కన గడిపిన సమయంతో ఆగకుండా జతకట్టే అవకాశం ఎవరికి ఎక్కువ దక్కిందో కూడా చూసింది, వీర్యంలో పరాన్నజీవి సిస్టులు (గూళ్లు) ఉన్నాయనీ చెప్పింది. ఫార్వర్డులు వదిలేస్తున్న భాగం అదే.

బెంగళూరుకొస్తే, జాలీ పక్షం చెప్పే ప్రధాన లాభం పిల్లలు పుట్టవని, సంఖ్య పెరగదని. జంతు ప్రయోగాల 1998 నిబంధనల కింద, వాటిని పర్యవేక్షించే కేంద్ర కమిటీ, ఇప్పటి సీసీఎస్‌ఈఏకి పెట్టే దరఖాస్తు ఫారం-బిలో ఎన్ని జంతువులు, ఎందుకన్నది రాయాల్సిందే, కాదనలేం. కానీ కన్నాల పెట్టెలో వాడేది సాధారణంగా అండాశయాలు తీసేసిన ఆడవాటినే. నువ్వుల నూనెలో కలిపిన ఎస్ట్రాడియోల్ బెంజోయేట్ (ఈస్ట్రోజెన్ రకం) 10 మైక్రోగ్రాములు పరీక్షకు 48 గంటల ముందు, ప్రొజెస్టరాన్ 500 మైక్రోగ్రాములు 4 గంటల ముందు చర్మం కింద ఇస్తే ఎదకొస్తాయి. వాటికి పిల్లలు పుట్టే ప్రశ్నే లేదు. మగవాటిని అటు ఇటు మార్చి అదే ఆడదాన్ని మళ్లీ వాడవచ్చు కాబట్టి సంఖ్య కూడా పెరగదు. పెరిగేది వీడియో చూసి మార్కులు వేసే గంటలు.

చెడేది ఎక్కువగా చిన్న చిన్న చోట్ల. మొదటిసారి హార్మోన్ పొందిన ఆడది సరిగా స్పందించదు, ఒకటి రెండు వారాలు అలవాటు పరీక్షలు పెట్టి తర్వాతే లెక్క మొదలుపెట్టాలి. మగవాటిలో అసలు జతకట్టనివి కొన్ని ఉంటాయి. వాటిని ముందే ఏరకపోతే ఆడది రెండోదాన్ని ఎంచుకుందని రాసేస్తాం. తృప్తిగా జతకట్టి అలసిన మగది రెండు మూడు రోజుల్లో కోలుకోదు, ముందు రోజు వాడినదాన్ని మళ్లీ పెట్టకూడదు. ఇంకా ఎదగని మగది 4 సెంటీమీటర్ల కన్నంలోంచి దూరి ఆడదాని గదిలోకి వచ్చేస్తే ఆ పూట పరీక్ష పోయినట్టే. పెట్టెను పరీక్షకూ పరీక్షకూ మధ్య 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకపోతే ఆడది వాసన తగ్గే మూల వెతుక్కుంటుంది, మగదాన్ని కాదు. ఎస్పీ రోడ్డులో ఎర్ర ఎల్‌ఈడీ స్ట్రిప్పు దొరుకుతుంది, చీకటి వేళ మసక ఎర్ర వెలుగులో చూడాలి. కరెంటు పోయి 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి గతి తప్పితే, అండాశయాలున్న ఎలుకల్లో చక్రమే మారుతుంది. లైటు ఆగకుండా వెలిగిపోతే అవి ఎదలోనే ఉండిపోతాయి. టైమర్‌ను యూపీఎస్ మీద పెట్టడం అందుకే.

ఎంపిక వల్ల పిల్లల సంఖ్యో, బరువో మారుతుందా అన్న ప్రశ్న దగ్గర మాత్రం కమిటీ అభ్యంతరం నిలబడుతుంది. దానికి అండాశయాలున్న ఆడవే కావాలి. రోజూ యోని స్మియర్ (దూది పుల్లతో తీసే కణాల నమూనా) చూసి, ప్రోఈస్ట్రస్, అంటే ఎదకొచ్చే రోజు, సాయంత్రం పట్టుకోవాలి. దూది పుల్ల లోతుగా తగిలితే గర్భాశయ ముఖం కదిలి సూడోప్రెగ్నెన్సీ (ఉత్తుత్తి గర్భం) మొదలై, ఆ ఆడది సుమారు 12 నుంచి 14 రోజులు పనికి రాదు. జతకట్టాక 21 నుంచి 23 రోజులకు ఈనుతుంది. రెండు మగవి కలిసి ఉంటే పిల్లలు ఎవరివో డీఎన్‌ఏ మైక్రోశాటిలైట్లతో, అంటే ఒక్కో జంతువులో తేడాగా ఉండే డీఎన్‌ఏ గుర్తులతో తేల్చాలి. అప్పుడు పుట్టే ప్రతి పిల్లా లెక్కలోకి వస్తుంది, ఫారంలో సంఖ్య అక్కడ పెరుగుతుంది. జాలీ వద్దనేవాళ్లు ఇప్పటిదాకా సరైన జవాబు ఇవ్వలేనిది ఈ ఒక్క వరుసకే.