పుట్ట కింద పంట

జులైలో రెండు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చిన పొద్దున, హిరమండలం నుంచి కొత్తూరు వెళ్ళే దారిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అడ్డాకులు పరుచుకుని కూర్చుని ఉంటారు. ఆకుల మీద మట్టి అంటిన తెల్లటి పుట్టగొడుగులు, పోగులుగా. కొన్ని ఇంకా మొగ్గలే, కొన్ని అరచేయంత విచ్చుకున్నవి. తొమ్మిదింటికి వెళ్తే పుట్టగొడుగులు దొరుకుతాయి, పదకొండింటికి వెళ్తే ఖాళీ ఆకులు.

కిందటేడు పునర్వసు కార్తెలో అలాగే బండి ఆపాను. "ఇవి పుట్టవేనా అప్పా?" అని అడిగాను. అడగకూడని మాట అడిగినట్టు చూసిందావిడ. "పుట్టవి కాకపోతే మరేటి బాబూ? కుక్కగొడుగులు తెచ్చి అమ్ముకుంటామేటి? యేరు సూడు, మూరెడుంది" అంటూ ఒకదాన్ని తిరగేసి చూపించింది. కాడ కింద నిజంగానే సన్నటి తోకలా వేరు వేలాడుతోంది. తవ్వేటప్పుడు తెగిపోయింది కాబట్టి మూరెడే. మిగతా సగం నేలలోనే ఉండిపోయింది.

ఈ వేరు సంగతి చెప్పాలనే ఇదంతా.

ఊరికో ఇంజనీరింగ్ కాలేజీ వస్తే "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అంటాం. ముందూ వెనకా లేకుండా, రాత్రికి రాత్రి వచ్చిందని ఆ మాటకి అర్థం. అసలు పుట్టగొడుగు కంటే ముందూ వెనకా ఉన్నది ఇంకొకటి లేదు. దాని పేరులోనే చిరునామా ఉంది, పుట్ట మీద లేచే గొడుగు అని. సరిహద్దు దాటితే ఒడియావాళ్ళు ఛతు అంటారు. అదీ గొడుగు మాటే, కానీ అందులో పుట్ట లేదు. మన పాత తెలుగువాడెవరో గొడుగుతో పాటు అది ఎక్కడ లేస్తుందో కూడా చూసి పేరు పెట్టాడు. ఈ పుట్టగొడుగుల ప్రజాతికి 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే ఎయిమ్ పెట్టిన పేరు టెర్మిటోమైసిస్. చెదల శిలీంధ్రం అని అర్థం. మన పేరు ముందే ఉంది.

పుట్టని చీమలు పెడతాయని, అందులో పాములు కాపురముంటాయని చిన్నప్పటినుంచీ వింటాం. నాగుల చవితికి పాలు పోసేది ఆ పాము కోసమే. మన గట్ల మీద నిలువెత్తు లేచే ఎర్రమట్టి పుట్టలు కట్టేవి చెదలు, ముఖ్యంగా ఓడోంటోటెర్మిస్ అనే రకం. చెదల్ని తెల్లచీమలంటాం గానీ అవి చీమల చుట్టాలు కావు, బొద్దింకల చుట్టాలు. ఇంట్లో తలుపు తినేసిన పురుగు మీద ఎవరికీ గౌరవం ఉండదు, నాకూ లేదు. కానీ పుట్ట లోపల అవి చేసే పని వ్యవసాయం. ఇంకో మాట సరిపోదు.

చెదలు ఎండుటాకు, పుల్ల, గడ్డి, పేడ పోగుచేసి లోపలికి మోస్తాయి. చెక్కలో ఉండే గట్టి పదార్థం లిగ్నిన్. దాన్ని సొంతంగా అరిగించుకోవడం ఈ రకం చెదలకి కష్టం. అందుకని వయసులో చిన్నవైన కూలి చెదలు ఆ తుక్కుని నమిలి మింగి, సగం అరిగీ అరగని ముద్దగా విసర్జించి, దాన్ని వరసలుగా పేరుస్తాయి. చూడ్డానికి అక్రోటు పప్పులా, మెదడులా మడతలు పడి ఉంటుంది. అదే వాటి మడి. తిన్నదాంట్లో బూజు విత్తనాలు కూడా ఉంటాయి, పేగులోంచి చావకుండా బయటపడతాయి. కాబట్టి ఎరువు వెయ్యడం, విత్తడం ఒకేసారి అయిపోతాయి. ఆ మడి మీద శిలీంధ్రం అల్లుకుని లిగ్నిన్‌ని విరగ్గొడుతుంది. ఆవగింజల్లాంటి తెల్లటి ముత్యాలు కాస్తాయి. అవి చిన్న చెదల భోజనం. కొన్ని వారాలకి మడి పూర్తిగా మాగాక, కింది భాగాన్ని పెద్ద చెదలు తింటాయి. పైన నాట్లు, కింద కోతలు, ఏడాది పొడుగునా.

కలుపు తీత కూడా ఉంది. ఆ వెచ్చని చెమ్మలో ఏ బూజైనా పట్టొచ్చు, అయినా పట్టదు. చెదలు కాపలా కాస్తాయి. ఎప్పుడైనా పుట్ట చచ్చిపోతే, కాపలా పోయిన కొద్ది రోజులకే జైలేరియా అనే కలుపు బూజు మడిని కమ్మేసి, నల్లటి వేళ్ళలాంటి కాడల్ని పైకి పంపిస్తుంది. పుట్ట మీద అవి కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరూ లేరని అర్థం, ఇక అక్కడ పుట్టగొడుగు కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఈ వ్యవసాయం ఆఫ్రికాలో దాదాపు 3 కోట్ల ఏళ్ళ కిందట ఒకే ఒక్కసారి మొదలైంది. ఆ వంశంలో ఏ చెదపురుగూ మళ్ళీ దాన్ని వదిలిపెట్టలేదు. మనిషి సేద్యం వయసు పన్నెండు వేల ఏళ్ళు ఉంటుందేమో. మన దగ్గర అప్పుడే పొలం అమ్మేసి ప్లాట్లు వేస్తున్నాం.

మరి లోపల భోజనంగా ఉండాల్సిన పంట బయటికెందుకు వస్తుంది? ఇక్కడ కార్తెల సంగతి రావాలి. తొలకరికి ముందు వెనకల్లో ఒక సాయంత్రం దీపాల చుట్టూ ఉసిళ్ళు ముసురుతాయి. మా అమ్మమ్మగారి ఊరు రాజాం దగ్గర. అది అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. పుట్టలకి ఈ మార్పు ఇంకా తెలీదు. అక్కడ లాంతరు కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టి ఉసిళ్ళు పట్టేవారు. రెక్కలు చెరిగేసి, మూకుడులో వేయించి, మరమరాల్లో కలిపి పిల్లలకి పెట్టేవారు. ఆ ఉసిళ్ళే చెదల పెళ్ళివారు. రెక్కలు రాల్చుకున్న ఒక జంట నేలలో దూరి కొత్త పుట్ట మొదలుపెడుతుంది. అయితే చాలా రకాల్లో ఆ జంట పుట్టింటి నుంచి విత్తనం తెచ్చుకోదు. మొదటి కాన్పు కూలి చెదలు పెరిగి బయటికి వచ్చేసరికి కొన్ని వారాలు పడుతుంది. అవి తుక్కుతో పాటు నేల మీద రాలిన పుట్టగొడుగు రేణువుల్ని, అంటే దాని విత్తనాల్ని కూడా ఏరుకుంటాయి. సరిగ్గా ఆ రోజులకే పాత పుట్టల నుంచి గొడుగులు లేచి రేణువులు రాలుస్తాయి. మృగశిరలో ఉసిళ్ళు, పునర్వసు పుష్యమి కార్తెల్లో గొడుగులు. ఈ లెక్క మా మామ్మకి నోటికొచ్చు, కారణం తెలీదు. నాకు కారణం తెలుసు, పుట్ట ఎక్కడుందో తెలీదు.

లోపలి మడి అడుగు లోతులోనో అంతకంటే కిందో ఉంటుంది. అక్కణ్ణుంచి మట్టిని చీల్చుకుని పైకి రావాలి. అందుకే మూరెడు వేరు. అది వేరు కాదు నిజానికి, కాడకే కొనసాగింపు. కింద మడికి అతుక్కుని, పైకి పొడుచుకుంటూ వస్తుంది. గొడుగు నడినెత్తిన మేకు మొనలాంటి గట్టి బుడిపె ఉంటుంది, నేలని గుచ్చేది అదే. మొగ్గ పైకి వచ్చాక విచ్చుకోవడం మాత్రం ఒక రాత్రి పని. మనం చూసేది ఆ రాత్రినే కాబట్టి, రాత్రికి రాత్రి పుట్టింది అనుకుంటాం. చెదల గూళ్ళన్నీ పైకి పుట్టలా లేవవు, కొన్ని పూర్తిగా నేలలోనే ఉంటాయి. చదునైన జీడితోటలో గొడుగులు లేచాయంటే కింద గూడు ఉన్నట్టే.

అన్నిటికీ ఈ వేరు ఉండదు. చిటికెన వేలి గోరంత గొడుగులు వందలకొద్దీ, అటుకులు చల్లినట్టు ఒకేచోట లేస్తాయి చూడండి, అదీ ఈ ప్రజాతిలోదే. చెదలు పాత మడి ముక్కల్ని బయట పారబోస్తే వాటి మీద లేచేవి. ఇదే ప్రజాతిలో ఆఫ్రికాలోని జాంబియాలో దొరికే ఒక రకానికి గొడుగు మీటరు వెడల్పు దాకా విచ్చుకుంటుంది. దాన్ని తల మీద పట్టుకుంటే వాన కూడా ఆగుతుందేమో.

ఉరుము పడితే పుట్టగొడుగు లేస్తుందని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. నేను చాలాకాలం నవ్వుకున్నాను. ఉరుములతో పాటు వాన వస్తుంది, వానకి నేల మెత్తబడుతుంది, అంతే కదా అని. తర్వాత తెలిసింది, జపాన్‌లోని ఇవాతే విశ్వవిద్యాలయంలో పుట్టగొడుగులు పెంచే దుంగలకి క్షణంలో వందో వంతు కూడా లేని హైవోల్టేజి షాకులిస్తే కొన్ని రకాల్లో దిగుబడి పెరిగిందని. అవి దుంగల మీద పెరిగే రకాలు, మన పుట్టవి కావు. అయినా అప్పటినుంచి నవ్వడం మానేశాను.

హిమాలయాల్లోనూ ఈ ఉరుము మాట ఉంది. కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో మంచు కరిగే వసంతంలో గుచ్చి అనే పుట్టగొడుగు లేస్తుంది, తేనెపట్టు ముక్కని కాడకి గుచ్చినట్టుండే మోరెల్. ఎండబెట్టినది కిలో పదివేలు దాటి పలుకుతుంది. యూట్యూబ్‌లో ఆ ధర చూసి, మన కొండల్లో కూడా ఉంటాయా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. ఉండవు. దానికి చలికాలపు గడ్డకట్టే చలి కావాలి, మనకి సంక్రాంతి మంచు మాత్రమే ఉంది. అది పచ్చిగా తింటే విషం కూడా. 2023లో అమెరికాలోని మొంటానా రాష్ట్రంలో ఒక హోటల్లో పచ్చి, సగం ఉడికిన మోరెల్స్ తిని 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. గుచ్చి ఏరేవాళ్ళూ చోటు చెప్పరట. ఆ ఒక్క విషయంలో కొత్తూరుకీ కశ్మీరుకీ తేడా లేదు.

విషం మాట వచ్చింది కాబట్టి మా ఇంటి కథ. నేను ఐదో తరగతిలో ఉండగా, మా బావా నేనూ బడి వెనక గడ్డిలో తెల్లటి పెద్ద గొడుగులు చూసి గంపెడు కోసుకొచ్చాం. నెత్తిన గోధుమరంగు పొలుసులు, కాడకి ఉంగరంలాంటి పట్టీ. ఇంట్లో పరీక్ష చేశారు. పసుపు వేసి ఉడికిస్తే రంగు మారలేదు, వెండి గ్లాసు నల్లబడలేదు. తిన్నాం. రెండు గంటలు గడవకముందే ఇంటిల్లిపాదీ వాంతులు. తెల్లారేసరికి తేరుకున్నాం గానీ, మా అత్త ఆ తర్వాత జన్మలో పుట్టగొడుగు ముట్టలేదు. పచ్చిక నేలల్లో లేచి, చాలామందిని వాంతులపాలు చేసే క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ లక్షణాలన్నీ దానికి సరిపోతాయని చాలా ఏళ్ళకి తెలిసింది. దాని రేణువులు పచ్చగా ఉంటాయి. విచ్చుకున్న గొడుగుని తెల్లకాగితం మీద బోర్లించి గిన్నె మూసి రాత్రంతా ఉంచితే కాగితం మీద పాచిరంగు పొడి పడుతుంది. పుట్ట మీద లేచే గొడుగుకైతే లేత గులాబీ పొడి పడుతుంది. పసుపు, వెండి, వెల్లుల్లి, పురుగు తిన్నది మంచిదనడం, ఇవేవీ విషాన్ని పట్టలేవు.

అంతకంటే ప్రమాదం అమనిటా ప్రజాతిలోని కొన్ని రకాలు. వాటి విషం కణంలో జన్యువు నుంచి నకళ్ళు తీసే ఎంజైమ్‌నే ఆపేస్తుంది. ఉడికించినా, ఎండబెట్టినా విరగదు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల దాకా ఏమీ తెలీదు. తర్వాత వాంతులు, విరేచనాలు, ఆపైన ఒక రోజు తగ్గినట్టే ఉండి, అప్పుడు కాలేయం చెడుతుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. తిన్న చాలాసేపటికి వాంతులు మొదలైతే, తగ్గినా సరే, మిగిలిన కూరో పుట్టగొడుగు ముక్కో పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాల్సిందే.

మరి వేరు చూసి గుర్తుపట్టొచ్చా? నేనైతే దాని ఒక్కదాన్నే నమ్మను. పాతిపెట్టిన చెక్క నుంచి లేచే వేరే గొడుగులకీ పొడుగు వేరుంటుంది. గులాబీ రేణువులున్నవాటిలోనూ విషపువి ఉన్నాయి. రోడ్డు పక్క అమ్మే ఆవిడ వేరు ఒక్కటే చూడదు. ఫలానా పుట్ట, ఫలానా కార్తె, నెత్తిన మొన, చేతికి తగిలే బిరుసు, వాసన అన్నీ కలిపి చూస్తుంది. నిరుడూ అక్కడే, అంతకుముందూ అక్కడే కోసి ఉంటుంది. చెదల రాణి ఏళ్ళ తరబడి బతుకుతుంది కాబట్టి పుట్టా, దాని మడీ కూడా అన్నేళ్ళూ ఉంటాయి. ఆ జ్ఞానం నాకు ఫోన్లో ఫోటో చూస్తే రాదు.

పాల పుట్టగొడుగులు, చిప్ప పుట్టగొడుగులు గడ్డిలో పెంచి అమ్ముతున్నారు కదా, వీటినెందుకు పెంచరు అంటే, ఇంతవరకు ఎవరికీ చేతకాలేదు. ప్రయోగశాలలో బూజు వరకూ పెరుగుతుంది, మెల్లగా. గొడుగు మాత్రం నమ్మకంగా లెయ్యదు. చెద పురుగు చేసే పనిలో ఏదో ఒకటి మన చేతికి ఇంకా దొరకలేదు. అందుకే రుచి కావాలంటే పుట్టే దిక్కు. పుట్టల్నేమో ప్లాట్ల కోసం జేసీబీతో నేలమట్టం చేస్తున్నాం, తోటల్లో చెదల మందు పోస్తున్నాం. నాగుల చవితికి పాలు పోసే పుట్ట ఒక్కటీ బతికిపోతోంది, పాము పుణ్యమా అని.

ఆరోజు రెండు పోగులు కొన్నాను. మా ఇంట్లో మట్టి గీకి, కడిగి, చేత్తో చీలికలు చేసి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి, దించేముందు ఆవ పెడతారు. ఎంతసేపు ఉడికించినా ముక్క చెదరదు. దాని కణాల గోడలు కైటిన్‌తో కట్టినవి, రొయ్య పెంకులో ఉండేదే. కొంటూ మాటల్లో అడిగాను, పుట్ట ఎక్కడుంది అప్పా అని. "కొండ మీద" అంది. అక్కడ నిలబడి చూస్తే నాలుగు వైపులా కొండలే.