టంగుటూరు దాకా నిద్రపుచ్చిన మాత్ర

మా అక్క కావలిలో ఉంటుంది, ఉలవపాడు బడిలో లెక్కలు చెబుతుంది. ఆ రోజు పొద్దున పల్లెవెలుగు ఎక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుంది. కూర్చోవడం వరకే గుర్తు. మళ్లీ కళ్లు తెరిచేసరికి బస్సు టోల్‌గేటు దగ్గర కుదుపుతో ఆగి ఉంది. ఉలవపాడు దాటిపోయింది, సింగరాయకొండ దాటిపోయింది, వచ్చింది టంగుటూరు. "ఏంది మేడం, ఒంట్లో బాగలేదా?" అన్నాడంట కండక్టరు.

సాయంత్రం ఫోను చేసింది. "ఆ మాత్ర నాకు పడలేదు అమ్మణ్ణీ. రేపట్నించి మానేస్తా."

మన వైపు 'పడలేదు' అంటే తీర్పు అయిపోయినట్టే, దానికి అప్పీలు ఉండదు. మత్తొచ్చినా పడలేదు, కడుపు ఉబ్బినా పడలేదు, ఊరికే ఏడుపొచ్చినా పడలేదు. కానీ అక్క వేసుకున్న ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మాత్ర విషయంలో ఈ మూడింటికీ మూడు వేరు వేరు కారణాలు. అవి తెలిస్తే వాటిని తట్టుకునే దారులూ వేరువేరుగా కనిపిస్తాయి.

అక్కకు నలభై తొమ్మిది. ముట్లు ఆగిపోయి ఏడాది దాటింది. రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు లేచి జాకెట్టు తడిసిపోయేది. డాక్టరమ్మ హార్మోన్ చికిత్స మొదలుపెట్టి రెండు మందులు రాసింది. ఆవిర్లను తగ్గించేది ఈస్ట్రోజన్. మరి రెండోది దేనికి? నెల్లూరు మాగాణి భాషలో చెప్పాలంటే, ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరకు నీళ్లూ యూరియా లాంటిది. పెట్టేకొద్దీ పొర ఏపుగా పెరుగుతూనే ఉంటుంది. ఆ పెరుగుదలను ఆపి పైరును పొట్టకు తెచ్చేది ప్రొజెస్టిరాన్. ఒకప్పుడు అమెరికాలో ఆడవాళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చేవాళ్లు. అలా వాడినవాళ్లలో గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ బాగా ఎక్కువగా ఉందని 1975లో అక్కడ రెండు పరిశోధనలు చూపించాయి. తర్వాత నుంచి గర్భసంచి ఉన్నవాళ్లకు ప్రొజెస్టిరాన్‌ను కాపలాగా తోడివ్వడం రివాజయింది. అందుకే అక్క చేద్దామనుకున్న పని, అంటే ఈస్ట్రోజన్ ఉంచుకుని ఇబ్బంది పెట్టే రెండోదాన్ని మాత్రం చెప్పాపెట్టకుండా మానేయడం, ఉన్న దారుల్లో అన్నిటికంటే చెడ్డది.

"ఎప్పుడేసుకున్నావు?" అనడిగా.

"పొద్దున ఆరింటికి. ఇడ్లీ, శెనక్కాయల చట్నీ తిని."

చీటీ ఫొటో తీసి పంపమన్నా. ఆ మందు పక్కన డాక్టర్లు వాడే రెండక్షరాలు ఉన్నాయి: హెచ్‌ఎస్. లాటిన్‌లో నిద్రవేళకు అని అర్థం. మందుల షాపు పిల్లాడు రెండు మందులూ ఒకే కవర్లో వేసి, దాని మీద పొద్దున సూర్యుడి బొమ్మ దగ్గర టిక్కు కొట్టి ఇచ్చాడు.

ఆ క్యాప్సూల్ చూశారా? గుండ్రంగా, మెత్తగా, ఉడికిన చేప కన్నులా తెల్లగా ఉంటుంది. ప్రొజెస్టిరాన్ అలా నేరుగా మింగితే పేగులు సరిగా పీల్చుకోవు. అందుకని దాన్ని అతి సన్నగా పొడి చేసి నూనెలో కలిపి పెడతారు. (అమెరికాలో అమ్మే ఒక రకంలో వాడేది వేరుశెనగ నూనే. శెనక్కాయలు పడనివాళ్లు డబ్బా మీద చదువుకోవాలి.) అంత చేసినా, మింగిన మందులో చాలా భాగం పేగుల నుంచి కాలేయానికి చేరి అక్కడ రూపం మార్చుకుంటుంది. అలా పుట్టే పదార్థాల్లో ఒకదాని పేరు అల్లోప్రెగ్ననొలోన్. నోరు తిరగని ఈ పేరే అక్కను టంగుటూరు దాకా తీసుకుపోయింది. అది మెదడులో గాబా అనే రసాయనానికి ఉన్న ద్వారాల మీద పనిచేస్తుంది. చాలా నిద్రమాత్రలు, మద్యం పనిచేసేదీ ఆ ద్వారాల మీదే. ప్రొజెస్టిరాన్ పెద్ద మోతాదులో ఇస్తే ఎలుకలు మత్తులో పడిపోతాయని కెనడాలోని మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1941లోనే రాశాడు. బాలింతల్లో వచ్చే తీవ్రమైన దిగులుకు ఇదే అల్లోప్రెగ్ననొలోన్‌ను సెలైన్‌లా ఎక్కించే మందుగా అమెరికా 2019లో అనుమతించింది.

ఇక ఇడ్లీ సంగతి. తిండితో కలిపి వేసుకుంటే ఈ మందు రక్తంలోకి ఇంకా ఎక్కువగా చేరుతుంది, రెండు మూడు గంటల్లో దాని జోరు పతాక స్థాయికి వస్తుంది. అంటే పడుకోవడానికి ఏమేం చేయాలో అవన్నీ చేసి అక్క బస్సెక్కింది.

కాబట్టి మొదటి మందు గడియారమే. రాత్రి భోజనమైన రెండు గంటలకు, పక్క సర్దుకున్నాక వేసుకోవాలి. ఆవిర్లతో నిద్ర చెడినవాళ్లకు ఇక ఆ మత్తే వరం. పొద్దున లేచినా తల దిమ్ముగా ఉంటే పదకొండుకు వేసుకునేది తొమ్మిదికి జరిపి చూడొచ్చు. దాంతోపాటు వేరే నిద్రమాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పి తీరాలి. ఇంత చేసినా మత్తు వదలని వాళ్లకు డాక్టర్లు కొన్నిసార్లు ఆ క్యాప్సూల్‌నే యోని మార్గంలో పెట్టుకోమంటారు. ఆ దారిలో మందు కాలేయాన్ని చుట్టి రావక్కర్లేదు, గర్భసంచికి నేరుగా అందుతుంది, మత్తు బాగా తగ్గుతుంది. మనవాళ్లు ఈ మాట వినగానే తల దించుకుంటారు. సంతానం కోసం మందులు వాడే పడుచులు అదే క్యాప్సూల్ అలాగే పెట్టుకుంటున్నారు, వాళ్లకు లేని సిగ్గు యాభై ఏళ్లకు దేనికో నాకర్థం కాదు.

కడుపుబ్బరం, మలబద్ధకం వేరే కథ. గర్భిణుల్లో గర్భసంచి కండరం ముందే బిగుసుకోకుండా నిమ్మళంగా ఉంచేది ఈ హార్మోనే. పక్కనే ఉన్న పేగుల కండరాన్నీ అది అలాగే జోకొడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు విరోచనం కాక ఇబ్బంది పడినవాళ్లకు ఇది తెలిసిన బాధే. దీనికి చిట్కాలేమీ లేవు. నీళ్లు, ఆకుకూర, పాలిష్ తక్కువ పట్టిన బియ్యమో సజ్జలో, సాయంత్రం రొంత నడక. రొమ్ముల సలుపు చాలామందికి రెండు మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది.

ఇక 'వేడి చేసింది' అనే మాట. ప్రతి మాత్రకూ తగిలించే మాటే అయినా, ప్రొజెస్టిరాన్ దగ్గర అందులో రవ్వంత నిజముంది. ముట్ల వయసులో అండం విడుదలైన తర్వాత ఒంటి వేడి అర డిగ్రీ సెల్సియస్ లోపు పెరుగుతుంది. పెంచేది ఈ హార్మోనే. మజ్జిగ తాగితే అది తగ్గదు, కానీ తాగితే నష్టమూ లేదు.

నేను తేలిగ్గా తీసుకోనిది మనసు సంగతి. ఎక్కువమందికి జోకొట్టే అల్లోప్రెగ్ననొలోన్ కొందరిలో తిరగబడుతుంది. చిరాకు, ఊరికే కన్నీళ్లు, ఎవరి మీదనో తెలియని కోపం. వయసులో ఉన్నప్పుడు ముట్టుకు ముందు వారం రోజులు ఇలా నలిగినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. 'ఈ వయసులో అంతేలే' అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. కొట్టిపారేయకుండా గోడ మీది క్యాలెండరు వాడండి. మందు వేసుకున్న రోజున గీత, మనసు బాగలేని రోజున చుక్క. ఈ మందును రోజూ 100 మిల్లీగ్రాములు వాడే పద్ధతి ఒకటి, నెలకు 12 నుంచి 14 రోజులు మాత్రం 200 వాడే పద్ధతి ఇంకొకటి. రెండో పద్ధతిలో ఉన్నవాళ్లకు చుక్కలన్నీ గీతల పక్కనే పడుతుంటే డాక్టరు ముందు పెట్టడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అప్పుడు పద్ధతి మార్చొచ్చు. డైడ్రోజెస్టిరాన్ లాంటి వేరే రకానికి మారొచ్చు. లేదా లెవోనార్‌జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిరాన్ లాంటి మందును వదిలే, గర్భసంచిలోనే పెట్టే పరికరం ఉంది, దాన్నుంచి మందు ఒంటికంతా చేరేది చాలా తక్కువ. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం క్యాలెండరు, గీతలు పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఆగకూడనివి ఇంకొన్ని. ఒక్క కాలి పిక్కే వాచి నొప్పెట్టడం, ఆయాసం, ఛాతీనొప్పి, హఠాత్తుగా చూపు మసకబారడం: ఇవి రాత్రయినా ఆస్పత్రికి పోవలసినవి. మందు మొదలైన తొలి నెలల్లో కొద్దిగా ఎరుపు కనిపించడం మామూలే. రోజూ వాడే పద్ధతిలో ఆరు నెలలు దాటినా వస్తున్నా, పూర్తిగా ఆగి మళ్లీ మొదలైనా స్కానింగ్ చేయించాలి.

అక్క ఇప్పుడు రాత్రి పదింటికి వేసుకుంటా ఉంది. బస్సులో నిద్ర లేదు, పొట్ట మాత్రం ఇంకా సణుగుతూనే ఉందంట. పోయిన ఆదివారం కందుకూరు నుంచి మా పిన్ని వచ్చింది. అక్క నిద్ర కథంతా విని, "నాకూ రేత్రిళ్లు కన్ను మూతపడదు మే, నాలుగు క్యాప్సూళ్లు నాకూ ఇయ్యి" అంది. పిన్నికి ముప్పై ఆరేళ్లప్పుడే గర్భసంచి తీసేశారు. మన రాష్ట్రంలో ఇదేం వింత కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్ అయినవాళ్లు నూటికి ముగ్గురు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది.

"కాపలా పెట్టడానికి నీకు ఆ ఇల్లే లేదు గదా పిన్నీ" అంది అక్క. పిన్ని నవ్వింది గానీ, నాకు నవ్వు రాలేదు. సాధారణంగా గర్భసంచి లేనివాళ్లకు ప్రొజెస్టిరాన్ అవసరం ఉండదు, నిజమే. కానీ ఆ రోజు అండాశయాలు కూడా తీసేసి ఉంటే, అంత చిన్న వయసులో ఆగిపోయిన ఈస్ట్రోజన్‌ను కనీసం మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా బయట నుంచి ఇవ్వాల్సింది. ఎముకలకూ గుండెకూ అది అవసరం. తీశారా లేదా అనడిగితే పిన్నికి తెలియదు, ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, చూడమన్నా. ఇంటికి పోయి ట్రంకుపెట్టె దించి వెతుకుతా ఉంది, ఇంకా దొరకలేదు.