జూన్‌టీంత్: గొడవంతా పార్కు గేటు దగ్గరే

అమెరికాలో జూన్ 19 మీద, అంటే నల్లజాతివాళ్లు బానిసత్వం నుంచి విముక్తిని పండగ చేసుకునే జూన్‌టీంత్ మీద, మళ్లీ రచ్చ మొదలైంది. నేషనల్ పార్కుల్లోకి టికెట్టు లేకుండా వదిలే రోజుల జాబితాలోంచి 2026కి జూన్‌టీంత్‌నీ, మార్టిన్ లూథర్ కింగ్ డేనీ తీసేసి, ట్రంప్ పుట్టినరోజు కూడా అయిన జూన్ 14ను చేర్చారు. సెలవు మాత్రం ఉంది, అది చట్టం, కాంగ్రెస్ తప్ప ఎవరూ రద్దు చేయలేరు. మరి ఒక్క టికెట్టుకే నల్లజాతివాళ్లకు ఇంత బాధ ఎందుకంటే, ఈ పండగ కథలో మొదటి నుంచీ పార్కు ఉంది.

1865 జూన్ 19న టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో సైన్యాధికారి జనరల్ గ్రేంజర్ బానిసలకు విముక్తి ప్రకటించిన సంగతి అందరూ చెప్పేదే. అదే ఉత్తర్వు చివర్లో ఇంకో మాట ఉంది: ఎక్కడివాళ్లు అక్కడే నిమ్మళంగా ఉండి కూలికి పనిచేసుకోవాలి, ఊరికే కూర్చుంటే పోషించేది లేదు. అక్కడే అంటే ఎక్కడ? నిన్నటిదాకా తమను కొరడాతో కొట్టిన యజమాని పొలంలోనే.

మరుసటి ఏడాది నుంచే వాళ్లు ఆ రోజును పండగ చేసుకున్నారు. కానీ నలుగురూ తిరిగే పార్కుల్లోకి వాళ్లను రానివ్వరు, అందుకని ఏటి ఒడ్డునో చర్చి ఆవరణలోనో కలిసి వండుకుని తినేవాళ్లు. 1872లో హ్యూస్టన్‌లో పాస్టర్ జాక్ యేట్స్, ఆయనతో మరికొందరు, చందాలు పోగేసి ఈ పండగ కోసమే పదెకరాలు కొన్నారు. యేట్స్ పుట్టుకతో బానిస. ఏడేళ్ల కిందటి వరకు తామే ఎవరో ఒకరి ఆస్తి లెక్కలో ఉన్నవాళ్లు, తమ పేరున భూమి కొన్నారు. అసలు మలుపు ఇదే అంటాను నేను, దీన్ని జాతీయ సెలవు చేస్తూ 2021లో బైడెన్ పెట్టిన సంతకం కాదు. హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్లు వెళ్లి చూడొచ్చు, డౌన్‌టౌన్‌కి దగ్గర్లోనే, ఎమాన్సిపేషన్ పార్క్ అని.

సెలవులు ఎక్కువైపోయి వందల కోట్ల డాలర్లు నష్టపోతున్నామని 2025 జూన్ 19నే ట్రంప్ అన్నారు. 2020లో సెనేటర్ రాన్ జాన్సన్ ఈ సెలవు బిల్లును ఆపిందీ ఈ ఖర్చు మాటతోనే, మరుసటి ఏడాది ఆయనే అడ్డు తప్పుకున్నారు. కూలి లేకుండా తరతరాలు చాకిరీ చేయించుకున్న లెక్క మాత్రం ఈ ఖర్చులో కలపరు.

ఓపల్ లీ ఉన్నారు కదా, 89 ఏళ్ల వయసులో ఈ సెలవు కోసం ఫోర్ట్ వర్త్ నుంచి వాషింగ్టన్‌కు నడక మొదలుపెట్టిన ఆవిడ. 1939లో ఆవిడకు పన్నెండేళ్లు. ఆవిడ అమ్మానాన్నలు తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొన్నారని వందలమంది మీదపడి, సామాన్లు తగలబెట్టి ఇల్లు నాశనం చేశారు. ఆ రోజు కూడా జూన్ 19. ఎనభై ఐదేళ్ల తర్వాత, 2024లో, అదే స్థలంలో కట్టిన కొత్త ఇంట్లోకి ఆవిడ అడుగుపెట్టారు.