మొలలూ, మా నాన్న సైకిలూ

చిట్టీ, బాబీ,

మొన్న మీరు వచ్చినప్పుడు నా కుర్చీలో మధ్యలో కన్నమున్న దిండు చూసి, "తాతయ్యా, నీకు స్విమ్మింగ్ ట్యూబ్ ఎందుకు?" అని బాబీ అడిగాడు. మీ అమ్మ వెంటనే "ష్" అంది, నేనూ నవ్వేసి మాట మార్చేశాను. మీరు వెళ్ళాక అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. మోకాలు గీరుకుపోతే అందరికీ చూపించుకుంటాం, పన్ను నొప్పంటే అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతాం, దీనికి మాత్రం ష్ ఎందుకు? నాకు మొలలు ఉన్నాయి. పైల్స్ అంటారే, అవే. నవ్వుకోండి, ఫరవాలేదు, నవ్వడం అయ్యాక మిగతాది చదవండి.

అసలు సంగతేమిటంటే, అవి మీకూ ఉన్నాయి. రోగంగా కాదు, మెత్తలుగా. దొడ్డికి వెళ్ళే దారి చివర, లోపలి గోడకి, సన్నటి రక్తనాళాలు నిండిన మెత్తలు ఉంటాయి, సాధారణంగా మూడు. పుట్టినప్పటి నుంచీ అందరికీ ఉంటాయి. అక్కడి కండరం ఎంత బిగుసుకున్నా కాస్త సందు మిగులుతుంది, ఆ సందుని ఇవి రక్తంతో ఉబ్బి మూసేస్తాయి. క్లాసులో గట్టిగా తుమ్మినా మన పరువు నిలబడుతోందంటే వాటి పుణ్యం కూడా ఉంది. పైగా ఆ దారి చివరి చర్మానికి, వచ్చింది గాలో, నీళ్ళో, గట్టిదో కనిపెట్టే తెలివి ఉంది! కళ్ళు లేకుండా, చీకట్లో, ఆ కాస్త చోటులో ఎంత పని జరుగుతోందో చూడండి.

మరి అవి మొలలుగా ఎప్పుడు మారతాయి? దానికి మా నాన్న సైకిలు కథ చెప్పాలి. మీ వయసులో నాకు సీటు అందేది కాదు, కమ్మీ కిందనుంచి కాలు దూర్చి, ఒళ్ళు ఒక పక్కకి వంచి తొక్కేవాణ్ణి. గాలి ఎంత గట్టిగా ఉంటే అంత జోరుగా పోతుందని నా నమ్మకం, అందుకని రోజూ పొద్దున్నే ఎవరూ చూడకుండా పంపు కొట్టేవాణ్ణి. వెనక టైరు ఒక చోట అరిగి లోపలి నూలు పోగులు కనబడుతున్నాయి, అది పట్టించుకోలేదు. ఒకరోజు ఆ చిరుగులోంచి ట్యూబు బుడిపెలా బయటికి పొడుచుకొచ్చింది, నల్లగా, నున్నగా. వేలితో నొక్కితే లోపలికి పోయింది, వేలు తీస్తే మళ్ళీ వచ్చింది. నాకది భలే సరదాగా ఉండి చాలాసేపు ఆడుకున్నాను. సాయంత్రానికి ఢామ్మంది. నాన్న ఏమన్నారో ఇక్కడ అనవసరం.

మొలలంటే దాదాపు అదే. ట్యూబు తప్పేం లేదు, టైరు పట్టు సడలింది, పంపు కొట్టడం ఆగలేదు. ఇక్కడ పంపు అంటే ముక్కడం. మలం గట్టిపడి, ఊపిరి బిగబట్టి ముక్కుతుంటే ఆ మెత్తల్లోకి రక్తం చేరి ఉబ్బుతాయి. ఏళ్ళ తరబడి అలా సాగితే వాటిని పట్టి ఉంచే కణజాలం వదులై కిందికి జారతాయి. మొదట్లో బయటికి రావు, తరవాత వచ్చి వాటంతట అవే లోపలికి పోతాయి, ఆ తరవాత వేలితో నెట్టాలి, చివరికి నెట్టినా పోవు. వయసు మీద పడ్డా, కడుపులో బిడ్డ ఉన్నా ఇవి రావచ్చు. బాత్రూంలో ఫోన్ పట్టుకుని అరగంట కూర్చునేవాళ్ళకి కూడా. (బాబీ, నిన్నే.)

నాకు మొదట కమోడ్‌లో ఎర్రటి రక్తం చుక్కలు కనబడ్డాయి. నొప్పి మాత్రం లేదు. లోపలి మొలలు ఉండే చోట నొప్పి తెలిసే నరాలు ఉండవట, అందుకే రక్తం వస్తున్నా చురుక్కుమనదు. అదే బయటి మొలలో రక్తం గడ్డకడితే రెండు మూడు రోజులు కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు. నొప్పి లేదు కదా అని నేను ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. అది నా తెలివితక్కువతనం. ఎందుకంటే రక్తం మొలల వల్లే వస్తుందని లేదు, పేగులో కాన్సర్ ఉన్నా రావచ్చు, అది చూసి తేల్చాల్సింది డాక్టరే. చూడడానికి ఆయనకి రెండు నిమిషాలు పట్టింది, వెళ్ళడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

సగం వైద్యం పంపు ఆపడమే. కూరగాయలు, పళ్ళు, పప్పులు, పొట్టు తియ్యని గింజలు, వీటిల్లోంచి రోజుకి 25, 30 గ్రాముల పీచు అందాలన్నారు. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది కాబట్టి మెల్లగా పెంచాలి, నీళ్ళు బాగా తాగాలి. మంట ఉన్నప్పుడు గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. మీరు చూసిన దిండు మందు కాదు, ఊరికే సుఖం కోసం.

అప్పటికీ నాకు తగ్గకపోతే డాక్టరు లోపలి మొల మొదలు దగ్గర చిన్న రబ్బరు బ్యాండు తొడిగారు. సైకిలు షాపులో ట్యూబు బుడిపెకి ఎవరూ బ్యాండు వెయ్యరు కనుక ఇక్కడికి నా పోలికకి పంక్చర్ పడింది. బ్యాండు బిగిస్తే మొలకి రక్తం అందదు, అది ఎండి, వారం అటూ ఇటూగా రాలిపోతుంది. 1963లో బ్యారన్ అనే డాక్టరు ఈ రబ్బరు బ్యాండు పద్ధతి గురించి రాశాక బాగా వాడకంలోకి వచ్చింది, కానీ దారంతో ముడివేసి కట్టడం ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ కాలంనుంచే ఉంది. మరీ ముదిరితే ఆపరేషన్. నాకంత దూరం రాలేదు.

మీ వయసు పిల్లలకి మొలలు రావడం చాలా అరుదు. మీకు రక్తం గానీ నొప్పి గానీ వస్తే ఎక్కువగా అది గట్టి మలం వల్ల పడ్డ చిన్న చీలిక. అయినా సరే, ఆ రోజే అమ్మకి చెప్పండి, నాలాగ దాచుకోకండి. స్కూల్లో వచ్చినప్పుడు బిగబట్టుకుని ఇంటిదాకా మోసుకురావడం కూడా మానండి. లోపలే ఉన్నకొద్దీ నీరంతా ఇంకిపోయి గట్టిపడుతుంది.

రక్తం చేరితే ఆ మెత్తలు ఎలా ఉబ్బుతాయో తెలియాలంటే, ఇప్పుడు లేచి ఒక పని చెయ్యండి. మీ నాన్న చెయ్యి ఒకటి కిందికి వేలాడేయించి నిమిషం ఆగండి. అరచేతి వెనక నీలంగా రక్తనాళాలు తాళ్ళలా ఉబ్బుతాయి. అదే చెయ్యి తలపైకి ఎత్తించి చూడండి, ఎక్కడికి పోయాయో అన్నట్టు అణిగిపోతాయి. నాన్న చేతిమీద సరిగ్గా కనబడకపోతే ఈసారి వచ్చినప్పుడు నా చెయ్యి ఇస్తాను, దీనిమీద బాగా కనబడతాయి.

మీ
తాతయ్య